హవేలీ గోడకు సిమెంటు పూయించకండి: పురపాలక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

హైదరాబాద్ పాతబస్తీ హవేలీలు, దేవిడీల (నవాబుల పాత భవనాల) మరమ్మతులకు అంచనాలు వేసే పద్ధతి మార్చాలని కోరుతున్నాం. ఉదాహరణకు పురానీ హవేలీ. అది కుతుబ్‌షాహీల పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ నివాసమని చెబుతారు. 1777 ప్రాంతంలో రెండో నిజాం తన కొడుకు సికందర్ జా కోసం దాన్ని కొన్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల అల్మరా, 176 అడుగుల పొడవుది, ఇప్పటికీ అక్కడే ఉంది. వచ్చినవాళ్లు అది చూసి వెళ్లిపోతారు, గోడల వంక చూసేవాళ్లు తక్కువ. ఏ గది తర్వాత కలిపారో, ఏ గుమ్మం పూడ్చారో తెలిసేది గోడ మీది సున్నం పొరల్లోనే. మరమ్మతు పేరుతో మొదట చెక్కేసేది వాటినే.

2015లో పట్టణాభివృద్ధి నిబంధనల్లోంచి, వారసత్వ కట్టడాలను కాపాడే 13వ నిబంధన తీసేశారు, 2017లో వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. కూల్చివేతకు అడ్డుపడే మార్గం ఉందన్నమాట. తప్పుడు మరమ్మతును ఆపేది ఏదీ?

రాతి గోడ పునాది నుంచి చెమ్మ పీలుస్తుంది. సున్నం పూత ఉంటే ఆ చెమ్మ బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే దారి మూసుకుని ఇంకా పైకి ఎక్కుతుంది, దానితో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి పొంగుతుంది. కొన్నేళ్లకు సిమెంటు పెచ్చులుగా ఊడుతూ కింది పాత గచ్చునూ లాక్కుపోతుంది. గుత్తేదారు దాని మీద మళ్లీ సిమెంటే పూస్తాడు, ఎందుకంటే అంచనాలో ఉన్నది అదే. మిద్దె కారినప్పుడూ ఇదే తంతు: అంగుళం మందం సిమెంటు వేస్తే చదరపు మీటరుకు సుమారు 55 కిలోల బరువు పెరుగుతుంది, పాత టేకు దూలాలు దాన్ని మోయాలి. గోడలో రావి మొలిస్తే పీకకూడదు, రాళ్లు కదులుతాయి. మొదలు నరికి, కోసిన చోట మందు పూసి, వేరు చచ్చాక సందుల్లోకి పలుచని సున్నం ఎక్కించాలి.

గానుగ సున్నం పని నిదానం. విరిచిన సున్నం కనీసం నెల నీళ్లలో నానాలి. ఒక పాలు సున్నం, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఇటుక పొడి కలిపి గానుగలో నూరి, బెల్లం, కరక్కాయ ఊరిన నీళ్లు పోయాలి. ఒక్కో పూత అరంగుళం మించకూడదు, తడుపుతూ నిదానంగా ఆరనివ్వాలి. మార్చి 31లోపు బిల్లు పెట్టాలని తొందరపెడితే పగుళ్లు తప్పవు.

అందుకని రెండు పనులు చేయించండి. ఎస్‌ఎస్‌ఆర్‌లో (ప్రభుత్వ పనుల ప్రామాణిక ధరల పట్టికలో) వారసత్వ కట్టడాలకు గానుగ సున్నం, దిమ్మిసతో కొట్టిన మిద్దె పనులకు విడి ధరలు పెట్టి, నానబెట్టే కాలాన్ని పని గడువులో కలపండి. చెక్కే ముందు ప్రతి గదిలో జానెడు చోట పూతను పొర పొరగా విప్పి, ఫొటోలు తీసి, కొలతలతో నమోదు చేయండి. ఆ నివేదిక అందేదాకా టెండరు పిలవకండి.

ఇట్లు,
పాత కట్టడాల మరమ్మతు చేసే మేస్త్రీలు, ఇంజనీర్లు