ఆ దరువు జమైకాది

సంపాదకుడికి,

అయ్యా,

పెళ్లి డీజేల దగ్గర, పబ్బుల్లో, సినిమా పాటల్లో కొన్నేళ్లుగా ఒకే దరువు తెగ వినిపిస్తోంది. పత్రికల సినిమా పేజీలు దాన్ని ఒకసారి ‘లాటిన్ బీట్’ అంటాయి, ఒకసారి ‘రెగె’ అంటాయి, ఇంకోసారి ‘ట్రాపికల్’ అంటాయి. దాని పుట్టిల్లు డాన్స్‌హాల్. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1970ల చివర, గుట్టలుగా స్పీకర్లు పేర్చి పాటలు వేసే సౌండ్ సిస్టమ్‌ల చుట్టూ పెరిగిన సంగీతం ఇది.

గుర్తుపట్టడం తేలికే. ‘తకిట తకిట తక’ అనుకోండి. 8 అక్షరాలు. 1, 5 అక్షరాల మీద కాలితో నేల తట్టండి, అది కిక్, అంటే డ్రమ్ సెట్‌లో పెద్ద డ్రమ్ము. 4, 7 మీద చిటికె వేయండి, అది స్నేర్, అంటే చిటపటలాడే చిన్న డ్రమ్ము. కాలు నాలుగు నాలుగుగా నడుస్తుంటే చిటికె మూడు మూడు రెండుగా పడుతుంది. నడుము ఊగేది ఆ పెనుగులాటకే. వేగం సాధారణంగా నిమిషానికి 90 నుంచి 105 బీట్లు. కంప్యూటర్లో దరువు కట్టే మన రిథమ్ ప్రోగ్రామర్లు చెడగొట్టేది ఖాళీల దగ్గరే. చిటికెల మధ్య డోలక్ లూపు, షేకరు, పైన ఒక సింథ్ కుక్కేసరికి బాస్ మునిగిపోతుంది, పాట తీన్మార్‌లా పరుగు తీస్తుంది. తీన్మార్‌ని తక్కువ చేయడం లేదు, దాని దారి వేరు.

జమైకాలో తరచుగా పాటకంటే ముందు ‘రిడ్డిమ్’ పుడుతుంది. దరువు, బాస్ కలిసిన వాద్య ట్రాక్ అన్నమాట. దానికో పేరు పెడతారు, దాని మీద చాలామంది గాయకులు ఎవరి పాట వాళ్లు పాడుకుంటారు. మన జానపదంలో ఒకే వరుసకు ఊరికో పాట ఉన్నట్టే. 1985 నాటి ‘స్లెంగ్ టెంగ్’ రిడ్డిమ్ కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో మీట నొక్కితే వచ్చే ‘రాక్’ రిథమ్. జమైకా నిర్మాత కింగ్ జామీ దాన్ని నెమ్మది చేయించి వాడుకున్నాడు. ఆ రిథమ్‌ను కీబోర్డులో పెట్టింది జపాన్‌లోని కాసియో ఉద్యోగిని ఓకుడా హిరోకో. బ్యాండును కూర్చోబెట్టకుండానే పాట కట్టొచ్చని తేలాక జమైకా స్టూడియోల లెక్కే మారిపోయింది. 2002లో స్టీవెన్ ‘లెంకీ’ మార్స్‌డెన్ చప్పట్లతో కట్టిన రిడ్డిమ్ పేరు ‘దివాలీ’! 1845 నుంచి భారత కూలీలు ఓడలెక్కి వెళ్లిన దీవి జమైకా. ఆ రిడ్డిమ్ మీద షాన్ పాల్ పాడిన ‘గెట్ బిజీ’ 2003లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానం అందుకుంది.

పేరు గాయకుడికి వస్తుంది, కట్టినవాడు మరుగున పడతాడు. జమైకా నిర్మాతలు స్టీలీ, క్లీవీ జంట 1989లో చేసిన ‘ఫిష్ మార్కెట్’ రిడ్డిమ్ నుంచే గాయకుడు షబ్బా ర్యాంక్స్ ‘డెమ్ బౌ’ పాట వచ్చింది, దాని దరువు మీదే స్పానిష్‌లో పాడే రెగెటాన్ సంగీతం అంతా నిలబడింది. ఆ రిడ్డిమ్‌ను అనుమతి లేకుండా వాడుకున్నారంటూ స్టీలీ, క్లీవీ సంస్థ 2021లో కాలిఫోర్నియాలో వేసిన దావా 1,600కు పైగా పాటలకు విస్తరించింది. కేసు కొట్టేయమని ప్రతివాదులు అడిగితే 2024 మేలో న్యాయమూర్తి ఒప్పుకోలేదు. మూడు మూడు రెండు లెక్క ఎవరి సొత్తూ కాదు, నిజమే. ఆ లెక్క చుట్టూ పేర్చిన బాస్, టాంబురిన్, టింబాలె అనే చిన్న డ్రమ్ముల రోల్ మాత్రం ఒకరి పని.

మన స్టూడియోలకు ఇది దూరపు గొడవ కాదు. రిడ్డిమ్‌ను రికార్డు నుంచి కోసి వాడితే రెండు అనుమతులు కావాలి, రచనకు ఒకటి, రికార్డింగుకు ఒకటి. అదే బాణీని కొత్తగా వాయించుకుంటే రెండోది తప్పుతుంది, మొదటిది తప్పదు. ఎక్కువమంది బోర్లాపడేది నెట్‌లో ‘రాయల్టీ ఫ్రీ’ అని కొన్న బీట్లతో. అందులో అమ్మినవాడు అనుమతి లేకుండా ఇరికించిన ముక్క (శాంపిల్) ఉంటే, పాటల్ని పోల్చి చూసే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ పసిగట్టొచ్చు, పాట ఆదాయం హక్కుదారుకు మళ్లొచ్చు. కొనేముందు శాంపిల్ ఎక్కడిదో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

మీ పాటల సమీక్షల్లోనూ సంగీత దర్శకుడి పేరు పక్కన, వాడిన రిడ్డిమ్ పేరు, దాన్ని కట్టినవాళ్ల పేరు వేయండి. ఆడియో కంపెనీలు యూట్యూబ్ వివరణలో డ్రోన్ తిప్పినవాళ్ల పేరు కూడా వేస్తున్నాయి. ఇంకో లైనుకు చోటు లేకపోలేదు.

- ఒక రిథమ్ ప్రోగ్రామర్, హైదరాబాద్