గొట్టపు మార్గాలనూ రవాణాగా లెక్కించాలి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో రవాణా మాట వస్తే ఘాట్ రోడ్డు బస్సులు, రైళ్ల రద్దీ, రేణిగుంట విమానాశ్రయం గురించే మాట్లాడుకుంటాం. 1944లో తొలి ఘాట్ రోడ్డు పడిందని చెప్పేవారు చాలామందే ఉన్నారు గాని, కల్యాణి డ్యాం నీళ్లు అదే కొండమీదికి పైపుల్లో ఎక్కుతున్నాయన్న ధ్యాస కొద్దిమందికే ఉంటుంది. పది లక్షల లీటర్ల నీటిని మోయాలంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు వంద కావాలి. భక్తుల బస్సుల నడుమ అవన్నీ ఆ మలుపులెక్కి, మళ్లీ ఖాళీగా దిగిరావాలి. పైపుకు ఆ తిరుగు ప్రయాణమే లేదు. నీళ్లే కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం సైతం పొడిగా నీటిలో కలిసి 267 కిలోమీటర్ల గొట్టంలో విశాఖపట్నం చేరుతోంది. భూగోళం చెప్పిన రోజుల్లో నేను కూడా ఈ పాఠాన్ని అర పేజీలో ముగించానని ఇప్పుడు బాధపడుతున్నాను.

కంటికి కనిపించకపోవడం వల్లనే ఈ మార్గాలకు రక్షణ కరవవుతోంది. నిరుడు వేసవిలో మా వీధిలో కేబుల్ కోసం గుంత తవ్వుతూ మంచినీటి పైపు పగలగొట్టారు. లైను ఎక్కడుందో తవ్వే కూలీలకు చెప్పినవారే లేరు. నాలుగు రోజులు వీధంతా ట్యాంకర్ల కోసం బిందెలతో నిలబడింది. అది నీరు కాబట్టి ఇబ్బందితో పోయింది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో పైపులైను నుంచి లీకైన గ్యాసు అంటుకుని ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

రైతు సంగతి కూడా చెప్పాలి. చమురు, గ్యాసు పైపులైన్లకు వర్తించే 1962 నాటి చట్టం ప్రకారం భూమి రైతుదే అయినా, లైను పోయిన మేర చెట్టు నాటకూడదు, బావి తవ్వకూడదు, ఇల్లు కట్టకూడదు. పంట నష్టం వేరుగా ఇచ్చినా, లైను వేసుకునేందుకు అతని భూమిని వాడుకునే హక్కుకు దక్కేది భూమి మార్కెట్ విలువలో పది శాతమే. ఏడాది పంట వేసే రైతు మళ్లీ దున్నుకుంటాడు. మామిడినే నమ్ముకున్న చిత్తూరు రైతుకు ఆ పట్టీ శాశ్వతంగా పోయినట్టే. ఈ శాతాన్ని పెంచడం న్యాయమని నా అభిప్రాయం.

రోడ్డు తవ్వకానికి అనుమతి ఇచ్చేముందు కింద ఉన్న లైన్లను సంబంధిత శాఖల సిబ్బందే వచ్చి సున్నంతో గుర్తు పెట్టాలని, తమ పరిధిలో ఏ లైన్లు వెళ్తున్నాయో, లీకైతే ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి సచివాలయం గోడమీద రాయించాలని తిరుపతి, చిత్తూరు జిల్లాల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు,
తిరుపతి.