విజయవాడ జాజ్ శ్రోతల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం. సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని నిబంధన ఉంది కాబట్టి రాస్తున్నాను. అది లేకపోయినా ఈ ఏడు రాసేవాణ్ణే, చెప్పుకోదగ్గ పని ఒకటి చేశాం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ని ముంచెత్తినప్పుడు మన మాస్టారి ఇంట్లో కింది అరల్లోని రికార్డులన్నీ మునిగిపోయాయి. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే ఎల్పీల అట్టలు నాని ముద్దయిపోయాయి. సీడీలు బాగానే ఉన్నాయిగానీ వాటి పుస్తకాల పేజీలు అంటుకుపోయి విడదీయడానికి రాలేదు. ఎల్పీల గాడుల్లో బురద. ఆ బురద మీద సూది పెడితే సూదీ పోతుంది, రికార్డూ పోతుంది. "పాత సామాన్లవాడికి వేసేద్దాంలే" అన్నారు మాస్టారు. మేం వినలేదు.

లబ్బీపేటలో ఒక సభ్యుడి డాబా మీద నాలుగు ఆదివారాలు కడిగాం. ముందు రుద్దకుండా కుళాయి కింద పెట్టి బురద జారనిచ్చాం. తర్వాత బ్యాటరీ నీళ్లలో గిన్నెల లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంటే గుండ్రంగా తుడిచాం. ఎండలో పెడితే వంకర తిరుగుతాయి కాబట్టి వంటింటి స్టీలు ప్లేట్ల స్టాండులో నిలబెట్టి నీడన ఆరబెట్టాం. లక్కతో చేసిన పాత 78 ఆర్పీఎం రికార్డులను స్పిరిట్‌తో తుడవబోయిన ఒకాయన్ని సమయానికి ఆపగలిగాం. స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది! మొదటి ఆదివారం పదకొండు మంది వచ్చారు. నాలుగో ఆదివారానికి మిగిలింది నేను, కోశాధికారి, ఆ ఇంటాయన అత్తగారు. గ్రూపులో బొటనవేలు చూపించిన వాళ్లంతా వచ్చుంటే రెండు వారాల్లో అయిపోయేది.

కడిగిన రికార్డులతోనే జనవరి సభ పెట్టుకున్నాం. హాలు కోసం ఒక ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగితే "జాజ్ అంటే డీజేనా?" అని అడిగారు. ఇస్తామని చెప్పి, ముందు రోజు సాయంత్రం కుదరదన్నారు. చివరికి సత్యనారాయణపురంలో వీణ టీచరు గారి ముందు గదే హాలయింది.

మొదట ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' వేశాం. అట్ట పోయింది కాబట్టి మాస్టారు బ్రౌన్ పేపర్‌తో కవరు చేసి, స్కెచ్ పెన్నుతో పేరు రాసి తెచ్చారు. అందులో మొదటి పాట 'సో వాట్' మొదలయిన కాసేపటికే టీచరు గారు "ఇవి ఖరహరప్రియ రాగం స్వరాలే కదండీ" అని శ్రుతిపెట్టెని రెండు శ్రుతికి పెట్టారు. వెంటనే మొహం చిట్లించారు. "ఇది రెండు దాటింది, రెండున్నరకి చేరలేదు. మీ మెషీన్ పరిగెడుతోంది."

అందరికీ టెన్షన్. బెల్టు చూశాం. ప్లేయరు తెచ్చిన గవర్నర్‌పేట మెకానిక్ తిరిగే వేగం చూపే స్ట్రోబ్ డిస్క్ పెట్టి చూస్తే ఎల్పీ వేగమైన 33⅓ మీద గీతలు కదలకుండా నిలబడ్డాయి. తిప్పి వెనకవైపు వేస్తే ఆ రెండు పాటలూ మన సీడీతో చక్కగా కలిశాయి. మొదటి వైపు మూడే హెచ్చు శ్రుతిలో ఉన్నాయి. తప్పు వరదదీ కాదు, మెషీన్‌దీ కాదు. 1959 మార్చి 2న న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో ఆ మూడూ రికార్డు చేసిన టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో వేస్తే పాట వేగం, శ్రుతి రెండూ పెరుగుతాయి. వెనకవైపు పాటలు ఏప్రిల్ 22న చేసినవి, వాటికి ఆ గొడవ లేదు. పక్కనే తిరిగిన రెండో మెషీన్ టేపు ఆధారంగా 1992లో గానీ దీన్ని సరిచేయలేదు. మన సీడీ ఆ తర్వాతిది. అంతా విని మాస్టారు "నాకు మాత్రం ఆ తప్పు శ్రుతే అలవాటయ్యా" అన్నారు. ఆయన కోసం ఎల్పీనే మళ్లీ వేశాం.

మిగతా నెలల సభలు మామూలుగానే జరిగాయి. రెండు మాత్రం మనుషులు లేక జరగలేదు.

జమాఖర్చుల కాగితం కోశాధికారి విడిగా పంచారు, చూసుకోండి. కొత్త సూది కొన్నాం, అదొక్కటే పెద్ద ఖర్చు. చందా బాకీలున్న వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్లకు తెలుసు.

గది ఇచ్చి, అందరికీ ఉప్మా కూడా పెట్టిన టీచరు గారికి, కూలి తీసుకోని మెకానిక్‌కి, నాలుగు వారాలూ డాబా ఇచ్చిన కుటుంబానికి, ముఖ్యంగా ఆ అత్తగారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

చివరగా, జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ 1963లో మన దేశం వచ్చి వెళ్లిన సందర్భం గురించి మాట్లాడుకున్న రోజు ఎవరో ఆయన సీడీ ఇంటికి తీసుకెళ్లారు. సమావేశానికి తెచ్చి బల్ల మీద పెట్టేయండి. ఎవరని అడగను.

కార్యదర్శి