సీపాప్ పెట్టుకోవడం నేర్పిన ముగ్గురికీ థ్యాంక్స్

ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. ముగ్గురిలో ఇద్దరు "పేరు పెట్టావంటే ఇక మాట్లాడను" అని ముందే చెప్పేశారు, మిగిలిన ఆవిడకి ఉద్యోగం దగ్గర ఏమైనా ఇబ్బంది వస్తుందేమోనని నేనే ఆపాను. కానీ నోరు మూసుకుని ఉండటం నా వల్ల కావడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. సీపాప్ అంటే, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు (స్లీప్ అప్నియా) ఉన్నవాళ్లు రాత్రి మాస్కుతో పెట్టుకునే గాలి మిషన్.

నాకు గురక వస్తుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. బయట మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తరు. మగవాళ్ల గురక మీద పెళ్లిళ్లలో కూడా జోకులేసుకుంటారు గానీ ఆడవాళ్ల గురక అంటే ఏదో పరువు తక్కువ వ్యవహారం. పొద్దున్నే తలనొప్పితో లేవడం, రాత్రి రెండు మూడుసార్లు బాత్రూముకి వెళ్లడం, మధ్యాహ్నం పీరియడ్‌లో బోర్డు వైపు తిరిగి నిలబడితే కళ్లు మూతలు పడిపోవడం, వీటన్నిటికీ నాకు దొరికిన సమాధానాలు థైరాయిడ్, షుగర్, ఈ వయసులో అంతేలే. రక్త పరీక్షలు చేయించని ల్యాబ్ లేదు రాజమండ్రిలో. చివరికి బీపీ మాత్రలు ఎన్ని మార్చినా దిగట్లేదని ఒక డాక్టర్ గారు నన్ను వదిలేసి మా వారిని అడిగారు, నిద్రలో ఈవిడ ఊపిరి ఆగినట్టు ఎప్పుడైనా అనిపించిందా అని. ఈయన వెంటనే "ఆగుతుందండీ, కాసేపు చప్పుడే ఉండదు, తర్వాత ఒక్కసారి ఉలిక్కిపడినట్టు గట్టిగా పీల్చి మళ్లీ మొదలు" అన్నారు. ఇన్నేళ్లూ నాతో ఒక్కసారీ అనలేదు! అదేదో గురకలో ఒక రకం అనుకున్నారట.

ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, ముక్కు కింద సన్న గొట్టం పెట్టుకుని ఇంట్లోనే పరీక్ష చేయించాం. గంటకి సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గిపోవడమో జరిగిందన్నది లెక్క, దాన్ని ఏహెచ్ఐ అంటారు. 5 లోపు ఉంటే మామూలే, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆ పైన తీవ్రం. నాది ఆ పైన. గొంతు వెనక కండరాలు నిద్రలో సడలి దారి మూసుకుపోతుంది, సీపాప్ గాలి ఒత్తిడితో ఆ దారి మూసుకోకుండా పట్టి ఉంచుతుంది, అంతే దాని పని. ఇది ఎందుకు రాస్తున్నానంటే మా ఇంటికి వచ్చిన చుట్టాల్లో సగం మంది "అయ్యో ఆక్సిజన్ దాకా వచ్చిందా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కరోనా రోజుల భయం ఇంకా పోలేదు మరి. ఆక్సిజన్ కాదండీ, మన గదిలో గాలే.

మిషన్ అమ్మినతను డబ్బు కట్టించుకుని, ముక్కూ నోరూ రెండూ కప్పేసే పెద్ద మాస్కు ఒకటి ముఖానికి బిగించి, స్విచ్ చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి మొదలు నాకూ దానికీ యుద్ధమే. పెట్టుకోగానే ఊపిరాడదు, పీకి పారేయడం, మళ్లీ పెట్టడం, తెల్లారేసరికి ముక్కు మీద ఎర్రటి గాటు. అతనికి ఫోన్ చేస్తే "అలవాటవుతుంది మేడమ్" అని ఒకటే మాట.

ఇప్పుడు మొదటి ఆవిడ. వేరే స్కూల్లో పనిచేసే అక్క. ట్రైనింగ్‌లో పక్కపక్కన కూర్చుని నా ముక్కు మీద గాటు చూసి, ఎవరూ వినకుండా "సీపాపా?" అంది. చాలా ఏళ్లుగా తను వాడుతోందట, తన స్టాఫ్ రూమ్‌లో ఒక్కరికీ తెలియదు. ఆ వారమే మా ఇంటికి వచ్చింది. నన్ను పడుకోమని, కూర్చుని చూసుకున్న ఫిట్టింగ్ పనికిరాదు, పక్కకి తిరిగితే బుగ్గల ఆకారమే మారిపోతుంది అని, పట్టీలు అన్నీ వదులు చేసేసింది. మిషన్ ఆన్ చేసి గాలి వస్తుండగా మాస్కుని ముఖం మీంచి కొద్దిగా ముందుకి లాగి మెల్లగా వదలమంది. అంచున ఉండే సిలికాన్ పల్చటి పొర గాలికి ఉబ్బి తనంతట తాను చర్మానికి పరుచుకోవాలట. నేను గాలి కారుతోందని బిగించేకొద్దీ ఆ పొర ముడతపడి ఇంకా కారేది. వదులు చేస్తే ఆగింది! రాత్రి ముఖానికి క్రీము వద్దు, నుదుటిదాకా కారేలా తలకి నూనె వద్దు, సిలికాన్ జారిపోతుంది. కొప్పు పెట్టుకుంటే వెనక పట్టీ పైకి ఎగదన్నుతుంది, జడ వదులుగా అల్లి పక్కకి వేసుకో. ఇవి ఏ బుక్‌లెట్‌లోనూ ఉండవు, ఎందుకంటే వాటి బొమ్మల్లో జడ ఉన్న మనిషే కనబడదు.

ఆ తర్వాత అసలు చిక్కు, ముక్కుపుడక. నోరు కప్పని చిన్న మాస్కు మంచిదని తేలింది గానీ, ముక్కు మీద మూడుకోణాలుగా కూర్చునే రకం పెడితే దాని అంచు సరిగ్గా రాయి మీదకే వస్తుంది, అక్కడినుంచి గాలి నేరుగా కంట్లోకి. ముక్కు రంధ్రాల్లోకి దూరే రకం పెడితే లోపల మర గుచ్చుకుంటుంది. తీసేద్దామంటే మా అత్తగారు ఒప్పుకోరు, నిజం చెప్పాలంటే నాకూ ఇష్టం లేదు. అక్క వేరే డీలర్ దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ మాస్కులు మిషన్‌కి తగిలించి, గాలి పెట్టి, పడుకోబెట్టి చూపించారు. ముక్కు కింద ఒదిగి కూర్చుని రంధ్రాల కిందే ఆగిపోయే రకం ఒకటుంది. పుడక బయటే ఉంటుంది, మర జోలికి పోదు. అక్కా, ఆ రోజు నువ్వు సెలవు పెట్టుకుని మరీ వచ్చావని నాకు తర్వాత తెలిసింది.

రెండో ఆవిడ నిద్ర పరీక్షలు చేసే చోట టెక్నీషియన్. వయసులో నాకంటే చాలా చిన్న పిల్ల. డ్యూటీ అయ్యాక బస్సులో వెళ్తూ నా ఫోన్ ఎత్తేది. ఊపిరాడకపోవడానికి కారణం కనిపెట్టింది తనే. మిషన్‌లో గాలి ఒత్తిడి హద్దుల్ని 4 నుంచి 20 దాకా బార్లా తెరిచి ఇచ్చేశారు. 4 అంటే అది ఇవ్వగలిగిన అతి తక్కువ ఒత్తిడి, చాలామంది పెద్దవాళ్లకి ఆ దగ్గర గాలి చాలదు, దిండు అడ్డం పెట్టుకుని పీల్చినట్టే ఉంటుంది. గాలి ఎక్కువై ఊపిరాడట్లేదని నేను అనుకుంటుంటే తక్కువై ఆడట్లేదు! "మీ అంతట మీరు మార్చకండమ్మా, సార్‌ని అడిగి చెప్తాను" అని, డాక్టర్ గారితో మాట్లాడి కింది హద్దు పెంచింది, ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి కాస్త తగ్గే సదుపాయం ఆన్ చేయించింది. ఆ రాత్రి నేను మాస్కు పీకలేదు. పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకుని కూర్చోమన్నది కూడా తనే, నిద్రకీ మాస్కుకీ ఒకేసారి అలవాటు పడాలంటే రెండూ చెడతాయి అంది.

ఆ అమ్మాయికి నేను వేసిన ప్రశ్నలన్నీ రాస్తే నవ్వుతారు. కరెంటు పోతే చచ్చిపోతానా? పోవండి, మాస్కుకి గాలి బయటికి పోయే సందులుంటాయి, మీ నోటికి ఎలాగూ మాస్కు అడ్డం లేదు, నోరు కప్పే పెద్ద మాస్కుల్లో దానికోసమే ఒక కవాటం ఉంటుంది, మహా అయితే మెలకువ వస్తుంది. గొట్టంలో గుడగుడమని నీళ్లెందుకు? ఏసీ గదిలో చల్లటి గొట్టానికి లోపలి తేమ నీరవుతుంది, గొట్టానికి బట్ట తొడుగు వేయండి, మిషన్‌ని మంచం కంటే కిందికి పెట్టండి. గాలికి తేమ పెట్టే నీళ్ల డబ్బాలో బ్యాటరీ నీళ్లు పోయొచ్చా? వద్దు, మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి, రోజూ పారబోసి కొత్తవి పోయండి, మిషన్ కదిపేముందు డబ్బా ఖాళీ చేయండి, లేకపోతే నీళ్లు మోటార్‌లోకి వెళ్తాయి. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తనే ఒకరోజు చెప్పింది, సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టర్ 1981లో దీని గురించి మొదట ప్రచురించినప్పుడు వాక్యూమ్ క్లీనర్ మోటార్లు వాడారని, మాస్కుని రోజూ రాత్రి జిగురుతో ముఖానికి అంటించేవారని. అది విన్నాక నా పట్టీల గొడవ గురించి ఎత్తడానికి సిగ్గేసింది.

మూడోవాడు డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు. వాడి భార్యకీ ఇదే. అక్కడ ఇన్సూరెన్స్ వాళ్లు మిషన్‌కి డబ్బివ్వాలంటే నెలలో నూటికి డెబ్బై రాత్రులు కనీసం నాలుగేసి గంటలు వాడినట్టు లెక్క చూపించాలట. "నిన్ను అడిగేవాళ్లు లేరు కదా పిన్నీ, నేనడుగుతా" అని ప్రతి ఆదివారం ఫోన్. మిషన్‌లో ఉండే చిన్న మెమరీ కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి, ఆస్కార్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో రాత్రంతా ఏం జరిగిందో చూడటం నేర్పించాడు. మొదట్లో నాకు ఈసీజీ కాగితం చూసినట్టే ఉండేది. తెల్లవారుజామున గాలి కారడం ఎక్కువగా ఉందని, ఆ సమయంలోనే ఊపిరి కూడా ఎక్కువ ఆగుతోందని గీతల మీద చూపించాడు. కలలొచ్చే నిద్ర తెల్లవారే ముందు ఎక్కువ, అప్పుడు కండరాలు ఇంకా సడలుతాయి, నోరు తెరుచుకుంటుంది. ఆ గ్రాఫ్ ఫోటో తీసి టెక్నీషియన్ అమ్మాయికి పంపితే ముక్కు దిబ్బడ సంగతి చూడండి అంది. డాక్టర్ గారు చెప్పినట్టు రాత్రి పడుకునే ముందు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం మొదలుపెట్టాక నోరు ఎండిపోవడం చాలావరకు తగ్గింది. ఇంకో సంగతి. అక్కడ తెలిసినవాళ్లు పాత మిషన్ ఒకటి ఊరికే పంపుతామంటే వీడే వద్దన్నాడు. 2021లో ఫిలిప్స్ కొన్ని మోడళ్లని వెనక్కి పిలిచింది, లోపల శబ్దం తగ్గించే ఫోమ్ పొడిగా రాలే ప్రమాదం ఉందని. ఎవరైనా సెకండ్‌హ్యాండ్‌ది ఇస్తుంటే మోడల్ నంబరు చూసుకోకుండా తీసుకోకండి.

మా వారికి విడిగా థ్యాంక్స్ చెప్తే ఊరుకోరు, అయినా చెప్తున్నాను, ఇన్వర్టర్ మార్పించినందుకు. పాతది పెడితే మిషన్ అడాప్టర్ ఒకలా మూలిగేది, ఎలక్ట్రీషియన్ చూసి ఇది స్క్వేర్ వేవ్ మేడమ్, మామూలు కరెంటులా సాఫీగా ఇచ్చే సైన్ వేవ్ కావాలి అన్నాడు. కరెంటు లేనప్పుడు తేమ పెట్టే హీటర్ ఆపేసుకుంటే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. అత్తగారు మాత్రం మొదట్లో దాన్ని పగలు కూడా దుప్పటి కప్పి దాచేవారు, ఎవరైనా చూస్తారని.

ఎలా ఉన్నానని అడిగినవాళ్లకి: పొద్దున తలనొప్పి లేదు. రాత్రి బాత్రూముకి లేవడం దాదాపు పోయింది. ఏహెచ్ఐ చాలా రాత్రులు 5 లోపే చూపిస్తోంది. బరువు ఒక్క కిలో తగ్గలేదు, ఆ విషయంలో మిషన్ ఏమీ చేయదు. బీపీ మాత్రల సంగతి డాక్టర్ గారు ఇంకా చూస్తున్నారు. జలుబు చేసిన రాత్రుళ్లు ఇప్పటికీ నరకమే.

కొనబోయేవాళ్లు ఎంత ధర అన్నదానికంటే ముందు అడగాల్సింది, మాస్కు సరిపోకపోతే మారుస్తారా, ఒత్తిడి సరిచేయడానికి ఎవరికి ఫోన్ చేయాలి, మెమరీ కార్డు ఉందా, ఫిల్టర్లు మన ఊళ్లో దొరుకుతాయా. ఆడవాళ్లయితే ముక్కుపుడకతో, జడతో వెళ్లి పడుకుని చూసుకోండి, సిగ్గుపడకండి.

మా అన్నయ్య గురక నాకంటే పెద్దది. ఎన్నాళ్లుగానో వద్దన్నవాడు నా గీతలు చూసి పరీక్షకి ఒప్పుకున్నాడు, వచ్చే వారమే. ఆయనకి గుబురు గడ్డం ఉంది, దాని మీద మాస్కు ఎలా నిలుస్తుందో నాకు తెలియదు. అక్కా, అమ్మాయీ, ఒరేయ్ నువ్వూ, మళ్లీ మీకే ఫోన్లు వస్తాయి, సిద్ధంగా ఉండండి.