పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యవే

రాజమహేంద్రవరం
మే 19

ప్రియమైన వాణీ,

ఎలా ఉన్నావే? అన్నయ్యగారు, పిల్లలు, మీ అత్తయ్యగారు అందరూ కులాసాయేనా? మొన్న నువ్వు ఫోన్లో అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఒక పక్క కుక్కరు కూతలు, ఇంకో పక్క మా పిల్లలిద్దరి కొట్లాట. అందుకే ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను. మధ్యాహ్నం పన్నెండు దాటితే మా వీధిలో పిట్ట కూడా కనపడడం లేదు. కిటికీకి తడి దుప్పటి కట్టేసి, మామయ్యగారితో సహా అందరం హాల్లోనే పడుకుంటున్నాం. ఇంకా రోహిణి కార్తె రానేలేదు, అప్పుడే ఇలా ఉంది.

బాబుని ఆ సమ్మర్ క్యాంపులో వెయ్యనా వద్దా అన్నావు కదా. పొద్దున్నే అబాకస్, తర్వాత కోడింగ్, సాయంత్రం ఈత. మీ అపార్ట్‌మెంట్‌లో అందరూ వేస్తున్నారు, మనవాడు వెనకబడిపోతాడేమోనని నీ టెన్షన్. నా మాట విను. ఈత ఒక్కటీ నేర్పించు, మిగతావి మానిపించు. ఎందుకంటున్నానో చెప్తాను. ఈ నెలన్నర మా ఇంట్లో ఏం జరిగిందో చదివితే నీకే తెలుస్తుంది.

మా పెద్దదానికి వచ్చే జూలైకి పదేళ్లు నిండుతాయి. 2015 పుష్కరాలు అయిన మరుసటి ఏడాది పుట్టింది, బారసాలకి నువ్వు వచ్చావు. దసరాకి చూసిన పిల్లని ఇప్పుడు చూస్తే ఆశ్చర్యపోతావు. ఈసారి అధిక జ్యేష్ఠం వచ్చింది కదా, పెళ్లిళ్లన్నీ వైశాఖంలోనే తోసుకొచ్చాయి. మా చిన్నాన్నగారి అమ్మాయి పెళ్లికి దాని ఆకుపచ్చ పట్టు పావడా బయటికి తీశాం. కుట్టించినప్పుడే అమ్మ, పెరిగే పిల్ల అని, అంచుకి పైన లోపలివైపు రెండు మడతలు పెట్టించింది. కట్టి చూస్తే చీలమండలు దాటి పైకొచ్చేసింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, బ్లేడు పట్టుకుని కూర్చుంది. పట్టు చిరక్కుండా ఒక్కో దారం గోటితో పైకి లేపి తెంపాలి. మొదటి మడత విప్పేసరికి లోపల దాగిన గుడ్డ నవనవలాడుతూ బయటపడింది. దాని పైనా కిందా రంగు కాస్త వెలిసింది, మధ్యలో సూది పోట్ల వరస. ఇస్త్రీ చేసినా ఆ గీత పోలేదు. కట్టి చూశాం, ఇంకా పొట్టే. “ఇప్పుడే అంతా విప్పేస్తే వచ్చే ఏడాదికి ఏం మిగులుతుందే?” అంటూనే అమ్మ రెండోదీ విప్పింది. ఇక ఆ పావడాలో పెంచడానికి ఏమీ లేదు. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది. అది మాత్రం అద్దం ముందు గిరగిరా తిరుగుతూ, గాజులు ఏ రంగువి వేసుకోవాలా అని ఆలోచిస్తోంది.

పిల్లల డాక్టరుగారిని అడిగితే, ఈ వయసులో ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరగడం మామూలేనన్నారు. ఆడపిల్లలు పదేళ్లు దాటాక ఇంకా జోరుగా పొడుగవుతారట. అందుకే స్కూలు యూనిఫాం ఇప్పుడే కుట్టించడం లేదు. జూన్ 12న బడులు తెరుస్తారు కాబట్టి, మొదటి వారంలో కొలతలిస్తే చాలు. టైలరుకి తొందర పనే అనుకో, అయినా ఏప్రిల్లో కుట్టించిన గౌను జూన్‌లో పట్టకపోతే డబ్బు దండగ.

చిన్నోడి సంగతి చెప్పాలి. వాడికి ముందు పన్ను ఒకటి ఊగుతోందని మార్చి నుంచీ గొడవ. నాలుకతో తోస్తాడు, వేలితో ఆడిస్తాడు, ఎవరైనా ముట్టుకోబోతే మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. మొన్న ఆత్రేయపురం దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు నాన్న చెరుకు రసాలు తెచ్చారు. అమ్మ వాటిని ఎప్పట్లాగే నీళ్ల బకెట్లో వేసి ఉంచింది. వాడు అరుగు మీద బనీను కూడా లేకుండా కూర్చుని, పండుని మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి జుర్రుకోవడం మొదలెట్టాడు. మోచేతుల దాకా రసం కారుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయి, నోట్లోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. పచ్చటి రసంలో బియ్యపు గింజంత తెల్లటి పన్ను! ఏడుస్తాడేమో అనుకున్నాను. వాడు పన్ను నా చేతిలో పెట్టి, “అమ్మా, ఇది పట్టుకో, పండు ఇంకా ఉంది” అని మళ్లీ జుర్రుకున్నాడు. తర్వాత అమ్మ పన్నుని పేడముద్దలో పెట్టి వాడి చేత ఇంటి మీదకి విసిరించింది. మన చిన్నప్పుడు మా తాతమ్మ మనిద్దరి చేతా అలాగే చేయించింది, గుర్తుందా? నువ్వు విసిరింది కిందే పడిందని ఎంత ఏడ్చావో!

ఇప్పుడు వాడు స అనబోతే గాలి వస్తోంది. ఆ మాట వినడం నాకెంత ఇష్టమో చెప్పలేను. కొత్త పన్ను రావడానికి ఎన్నాళ్లో పట్టదు, ఆ తర్వాత వాడు ఇలా మాట్లాడడు. క్యాంపు వద్దనడానికి నాకున్న మొదటి కారణం ఇదే వాణీ. బడి రోజుల్లో పొద్దున్న ఏడున్నరకి బస్సు ఎక్కించేస్తాం, సాయంత్రం వచ్చాక హోంవర్కు. వాళ్లు మారడం మనం చూడం. ఎండాకాలం ఒక్కటే మనకి చూసే తీరిక ఇస్తుంది.

రెండో కారణం నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. ఒళ్లు పెరగడానికి పనికొచ్చే గ్రోత్ హార్మోను ఎక్కువగా ఊరేది గాఢనిద్రలోనేనట. బడి రోజుల్లో మన పిల్లలకి ఎనిమిది గంటలు దొరికితే గొప్ప. ఇప్పుడు మేం సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, వేడి దిగాక పక్కలు వేసి దోమతెర కడుతున్నాం. మామయ్యగారు సప్తర్షుల్ని చూపిస్తూ ఏదో కథ చెప్తారు, కథ సగంలో ఉండగానే ఇద్దరూ నిద్రపోతారు. పొద్దున్న ఎండ మొహం మీద పడేదాకా లేవరు. ఏడింటికి అబాకస్ అంటే ఆ నిద్ర ఏదే?

ఒక సంగతి అడగాలి, మీ వాడికి రాత్రిపూట కాళ్లు లాగుతున్నాయా? మా పెద్దది ఈ మధ్య పడుకోబోయే ముందు పిక్కలు, తొడలు నొప్పులని ఏడుస్తోంది. తెల్లారేసరికి ఏమీ ఉండదు, మళ్లీ పరుగులే. గోరువెచ్చటి నువ్వుల నూనెతో మర్దనా చేస్తే తగ్గుతోంది. అవి ఎదిగే పిల్లలకి వచ్చే నొప్పులే, రెండు కాళ్లకీ వచ్చి పొద్దుటికి పోతుంటే భయం లేదన్నారు డాక్టరుగారు. ఒక్క కాలికే వచ్చినా, వాపున్నా, జ్వరమున్నా, కుంటుతున్నా మాత్రం వెంటనే చూపించమన్నారు. నీకూ పనికొస్తుందని రాశాను.

పెళ్లి భోజనం అయిన మర్నాడు చిన్నోడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ ఒక్క రోజూ నా ప్రాణం నా దగ్గర లేదు. మా ఆయన మందుల షాపుకి పరుగెత్తారు. అక్కడి కుర్రాడు పళ్లరసం రుచితో ఉన్న డబ్బా ఏదో ఇవ్వబోతే, ఈయన వద్దని ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టే అడిగి తెచ్చారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు ఎన్నో ఏళ్లు పోరాడింది దీని గురించే కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని తీపి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆదేశాలిచ్చింది. ఆవిడకి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే మొత్తం పొడిని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, గ్లాసుకి ఇంత అని పంచకూడదు. ఒక రోజు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి కొలవాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో కొంచెం కొంచెం పట్టించాలి. మావాడు సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. ఒంటేలు తగ్గినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మగతగా ఉన్నా ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లిపో. నీ సామాన్లలో రెండు ప్యాకెట్లు పడేసుకో, ప్రయాణంలో ఉంటాయి.

ఆవకాయ పెట్టేశాం! అమ్మ కాయ కొట్టించి తెస్తే ముక్కలు తుడిచే పని పిల్లలది. జీడి తీసెయ్యాలి, టెంకకి అంటుకున్న పొర తీసెయ్యాలి, తడి లేకుండా గుడ్డతో తుడవాలి. పెద్దది అచ్చం అమ్మమ్మలాగే కాళ్లు చాపుకుని కూర్చుని, తమ్ముడు తుడిచిన ముక్కల్ని మళ్లీ తనిఖీ చేసింది. కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి, నెయ్యి పోసి, అమ్మ అందరికీ ముద్దలు పెట్టింది. నిరుటి వరకూ చిన్నోడికి ముక్క కడిగి పెట్టేవాళ్లం. ఈసారి “నాకూ అక్కలాగే” అన్నాడు. కళ్లలో నీళ్లు, ముక్కు కారుతోంది, అయినా ఇంకో ముద్దకి నోరు తెరిచాడు. ఇంత పెద్ద పని చేశానని ఊళ్లో కనపడ్డ ప్రతివాళ్లకీ చెప్పుకున్నాడు.

రోజూ ఇంత బాగుంటుందని కాదు. ఎండ వేళ ఇంట్లో కట్టిపడేస్తే కొట్టుకుంటారు, ఫోను కావాలని అల్లరి చేస్తారు. మామయ్యగారు అష్టాచెమ్మా గీసి గవ్వలు చేతికిచ్చాక కాస్త నయం. చిన్నోడికి కూడికలు నోటికి రావడానికి ఆ గవ్వలే కారణమని నా నమ్మకం. రెండు గవ్వలు వెల్లకిల్లా పడితే ఎన్ని, నాలుగూ పడితే ఎన్ని, ఇంకెన్ని గళ్లు వెళ్తే పండుతుంది, అన్నీ క్షణంలో చెప్తాడు.

ఈత నేర్పించమన్నది మాత్రం గట్టిగానే అంటున్నాను. మా వైపు ఇప్పుడు కాలువలు కట్టేశారు. ఏటా వేసవిలో ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపి, మరమ్మతులు చేసి, జూన్‌లో మళ్లీ వదులుతారు. నీళ్లు రాగానే పిల్లలు గట్టు మీద నిలవరు. గోదావరిలో అయితే పైకి మోకాలి లోతే అనిపిస్తుంది, ఇసుక తీసిన గోతులు కంటికి కనపడవు. ప్రతి వేసవిలోనూ పేపర్లో ఆ వార్తలు చదువుతూనే ఉన్నాం, చదివిన రోజు నాకు అన్నం సయించదు. అందుకే మా ఇద్దర్నీ కొలనులో చేర్చాం, పక్కన మా ఆయన లేకుండా దింపం. 2027లో మళ్లీ పుష్కరాలు. ఈలోగా ఇద్దరికీ ఈత బాగా రావాలని నా పట్టుదల.

ఇక అసలు మాట. ఆ క్యాంపు డబ్బులు కట్టకు. పిల్లల్ని తీసుకుని ఇక్కడికి వచ్చెయ్. బాబు మధ్యాహ్నం మామయ్యగారి దగ్గర గవ్వలు ఆడతాడు, పాప మా పెద్దదాని వెనకే తిరుగుతుంది. రెండు రోజులు మా ఊరు కూడా వెళ్దాం. అమ్మ నిన్ను చూసి ఎన్నేళ్లయిందని రోజూ అంటోంది, ముంజలు కూడా ఇంకా దొరుకుతున్నాయి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రిలో ఉంటారు. పాపకి ఐదేళ్లు నిండాయి కదా, ఇప్పుడు దానికీ టికెట్ తియ్యాలి. విడిగా బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. వెయిటింగ్ లిస్టు ఉంటే తత్కాల్ చూడు. స్లీపర్‌కి ముందు రోజు పదకొండింటికి తెరుస్తారు, ఏసీకి పదింటికే.

బాబుకి పట్టని చొక్కాలు ఎవరికీ ఇవ్వకు, తీసుకురా, మావాడికి సరిగ్గా సరిపోతాయి. పెద్దదాని చిన్నప్పటి గౌన్లు మీ పాప కోసం దాచి ఉంచాను, కొన్నిటికి హుక్కులు కుట్టాలి, నువ్వొచ్చేలోపు కుట్టేస్తాను. పిల్లలకి జీన్సులు సర్దకు, పల్చటి నూలు బట్టలు చాలు. అత్తయ్యగారు కూడా వస్తానంటే ఇంకా మంచిది, ఆవిడకి కిందే మంచం వేయిస్తాను. టికెట్ ఖాయమవగానే ఫోన్ చెయ్, మా ఆయన స్టేషనుకి వస్తారు.

నీ
సుజాత