వార్షిక నివేదిక 2024–25: ఆదోని ప్రాంత ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు చదవడం నేర్పే కార్యక్రమం

సభ్యులందరికీ నమస్కారం.

2024 జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి 2025 ఏప్రిల్‌లో వేసవి సెలవులు ఇచ్చేవరకు, కర్నూలు జిల్లా ఆదోని చుట్టుపక్కల మూడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో మన ఫౌండేషన్ చేసిన పనిని ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాము. అంతకుముందు మన సేవ బ్యాగులు, నోటుపుస్తకాలు, పలకలు పంచడంతో సరిపోయేది. నిరుటి సర్వసభ్య సమావేశంలో మీరు చేసిన తీర్మానాన్ని అనుసరించి, ఈ ఏడాది పంపిణీలు తగ్గించి, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు తెలుగు చదవడం నేర్పే పని ఒక్కదానినే పట్టుకున్నాము. పంపిణీలకు ఫొటోలు బాగా వస్తాయి. ఈ పనికి రావు. ఈసారి నివేదికలో ఫొటోలు ఎందుకు లేవని అడిగిన సభ్యులకు ఇదే మా సమాధానం.

2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతం, మహిళలలో 49.78 శాతం; అదే లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 67.02 శాతం. ఏడేళ్లు నిండిన వ్యక్తి ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితేనే ఆ లెక్కల్లో అక్షరాస్యుడు అవుతాడు. ఆ నిర్వచనంలోని 'అర్థం చేసుకుంటూ' అన్న మాటను మనం చాలాకాలం పట్టించుకోలేదు. బడికి వచ్చే పిల్లలకు చదువు వచ్చినట్టే అనుకున్నాము.

జూలైలో ప్రతి పిల్లవాడినీ విడిగా వరండాలో కూర్చోబెట్టుకొని చదివించి చూశాము. ఇందుకు మనం కొత్త పద్ధతి ఏదీ కనిపెట్టలేదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడటానికి 2005 నుంచి దేశమంతటా గ్రామాల్లో జరుగుతున్న 'అసర్' సర్వేలో వాడే నాలుగు మెట్ల వరుసనే, అంటే అక్షరాలు, పదాలు, చిన్న పేరా, ఆ పైన కథ అన్న క్రమాన్నే అనుసరించాము. మొదటి రోజునే ఒక సంగతి జరిగింది. నాలుగో తరగతి చదువుతున్న ఒక పాప పాఠ్యపుస్తకంలోని పేరాను ఎక్కడా తడబడకుండా చదివేసింది. అనుమానం వచ్చిన మన కార్యకర్త అవే పదాలను వరుస మార్చి ఒక కాగితం మీద రాసి ఇవ్వగా, ఆ పాప కాగితం మీద వేలు కదుపుతూనే పాత వరుసలోనే పేరా మొత్తం అప్పజెప్పింది. వేలు ఒక పదం మీద, నోరు ఇంకొక పదం మీద! ఆ పాపది మొద్దుబుర్ర కాదు; నాలుగేళ్ల పాఠాలను చెవితో పట్టి నిలుపుకున్న బిడ్డ. ఆ రోజు నుంచి మా పరీక్షలో పాఠ్యపుస్తకం వాడటం మానేశాము.

ఇది ఈ కాలపు జబ్బు మాత్రమే కాదు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవని పెద్దలకు తెలుసు. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో బడుల లెక్కలు పంపమని కోరితే, మరుసటి ఏడాది బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో జిల్లా మొత్తం మీద 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నారని రాశాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే తీరును, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతిని మెచ్చుకుంటూనే, ఎన్నో పద్యాలు గడగడా అప్పజెప్పే బడిపిల్లలకు వాటి అర్థం చిలకకు తెలిసినంత కూడా తెలియదని అదే నివేదికలో విచారించాడు. పరాయి దొర మాట గనక నొచ్చుకోవచ్చు గానీ, జూలైలో మా వరండాలో కనిపించింది అదే.

గుణింతం విషయంలోనూ ఇదే చిక్కు. 'క కా కి కీ' అని పాటలా పాడే పిల్లలు, మధ్యలోంచి 'కె' ఒక్కటి చూపిస్తే మళ్లీ మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగుతారు. అందుకే గుణింతాన్ని వరుసగా చెప్పించడం మాని, రోజుకు రెండు గుర్తులు మాత్రం తీసుకొని, వాటిని పిల్లలకు తెలిసిన మాటల్లో వెతికించాము. ఒత్తుల దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాము. దారి చూపింది ఆర్టీసీ బస్సులే. బస్సు బోర్డు చదవని పిల్లవాడు ఈ ప్రాంతంలో అరుదు. అయితే వాడు చదివేది అక్షరాలను కాదు, బోర్డు మొత్తాన్ని ఒక బొమ్మలాగా. ఆ బొమ్మను విప్పి చూపించాము: ఎమ్మిగనూరులో మకారం కింద మ ఒత్తు, పత్తికొండలో త కింద త ఒత్తు, మంత్రాలయంలో త కింద ర ఒత్తు, కర్నూలులో ర కింద న ఒత్తు, ఆస్పరిలో స కింద ప ఒత్తు. ఆదోని, ఆలూరు, కోసిగి ఊళ్లకు ఒత్తే లేదని కనిపెట్టింది పిల్లలే. ఆ తరువాత 'ఉగ్గాని బజ్జి' అని నల్లబల్ల మీద రాస్తే, ఎవరూ చెప్పకుండానే ఇద్దరు ముగ్గురు కూడబలుక్కొని చదివి నవ్వారు.

పుస్తకాల కొనుగోలులో మన వల్ల ఒక పొరపాటు జరిగింది, దానిని దాచడం లేదు. ఆగస్టులో కథల పుస్తకాలను చూసి ఎంచుకోకుండా, కట్టల లెక్కన ఒక పంపిణీదారు దగ్గర తెప్పించాము. వాటిలో ఎక్కువ భాగం చిన్న అక్షరాలతో, పేజీ నిండా వాక్యాలతో ఉన్న నీతికథలు. మూడో తరగతి పిల్లలు పట్టుకుని తిరగేసి పక్కన పెట్టేశారు. పైగా 'వేరుశనగ' అన్న మాట దగ్గర ఒక పిల్లవాడు అక్షరాలన్నీ సరిగ్గా చదివి కూడా ముఖం తేలేశాడు. 'బుడ్డలురా' అనగానే వాడికి తెలిసిపోయింది. వాళ్ల నాయన చేలో వేసే పంటే అది. ఆ పుస్తకాలు ఉన్నత పాఠశాలకు ఇచ్చేసి, ఊళ్లోని తల్లులు, అవ్వలు చెప్పిన సంగతులను వాళ్ల మాటల్లోనే పెద్ద అక్షరాలతో అట్టల మీద రాయించుకున్నాము. ఇంటి మాట ముందు, పుస్తకం మాట తరువాత అన్నది మా పద్ధతి. యాస నేర్పితే పిల్లల తెలుగు పాడవుతుందని అభ్యంతరం చెప్పిన సభ్యులతో మేము గౌరవంగానే విభేదిస్తున్నాము. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు ఎక్కువగా ఉన్న ఒక బడిలో మాత్రం, చదివించడానికి ముందు రెండు నెలలపాటు తెలుగులో మాట్లాడించడం, కథ చెప్పడం తప్ప మరేమీ చేయలేదు.

ఇక అసలు కష్టం సుగ్గి, అంటే కూలి పనుల కోసం ఊరు విడిచి వలస వెళ్లడం. పత్తి ఏరడానికి, మిరపకాయల కోతకు నవంబరు నుంచి గుంటూరు వైపుకు, తెలంగాణకు కూలీలు బయలుదేరుతారు. జొన్నల సంచి, వంటపాత్రలు, చీపురు, కోళ్లగంప, వాటి మధ్యలో పిల్లలు. తెల్లవారేసరికి వీధిలో వరుసగా తాళాలు. చంటిబిడ్డను చూసుకోవడానికి కావాలని తల్లులు పెద్దపిల్లను వెంటబెట్టుకు పోతారు గనక, జూలైలో బాగా ముందుకు వచ్చిన ఆడపిల్లలే డిసెంబరులో కనిపించలేదు. పిల్లలను ఊళ్లోనే ఉంచేందుకు ప్రభుత్వ పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. మేము పనిచేసిన ఊళ్లలో ఒకచోట అది తెరిచేనాటికి కుటుంబాలు చాలావరకు వెళ్లిపోయాయి. సంక్రాంతి ముందు హాస్టల్ తెరవడం కంటే దీపావళి ముందు తెరవడమే ప్రయోజనమని సంబంధిత అధికారులకు వినతిపత్రం ఇచ్చాము.

మా చేతనైనంతలో రెండు పనులు చేశాము. అవ్వ గానీ తాత గానీ ఊళ్లో ఉండిపోయే ఇళ్లకు అక్టోబరులోనే వెళ్లి, బిడ్డను వాళ్ల దగ్గర వదిలివెళ్లమని తల్లిదండ్రులను అడిగాము. కొందరు ఒప్పుకున్నారు; ఒక తల్లి మాత్రం, 'మా అత్తకు కండ్లు కనపడవు, బిడ్డను ఎవరు చూస్తారు సార్' అని అడిగింది, దానికి మా దగ్గర సమాధానం లేకపోయింది. వెళ్లక తప్పని పిల్లల చేతికి ఒక చీటీ ఇచ్చాము. పిల్లవాడు ఏ మెట్టు దాకా వచ్చాడో, ఏ గుర్తులు ఇంకా రావో అందులో రాసి ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం మరో ప్రభుత్వ పాఠశాలకు మారే హక్కు ఈ పిల్లలకు ఉంది, వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇవ్వవలసిన బాధ్యత బడికి ఉంది. అయినా చేను పక్క గుడిసెలో ఉండే కూలీలు అక్కడి బడిని వెతుక్కుంటూ వెళ్లరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగి వచ్చిన పిల్లలలో కొందరు ఆ చీటీని భద్రంగా తెచ్చారు. దానివల్ల టీచరుకు మళ్లీ అ, ఆల నుంచి మొదలుపెట్టే శ్రమ తప్పింది.

ఈ కారణం చేతనే, ఎంత శాతం పిల్లలు ఎంత మెరుగుపడ్డారన్న పట్టిక ఈ నివేదికలో ఇవ్వడం లేదు. జూలైలో పరీక్షించిన పిల్లలు, ఫిబ్రవరిలో బడిలో మిగిలిన పిల్లలు ఒకరు కారు. వెళ్లిపోయిన వాళ్లను వదిలేసి మిగిలిన వాళ్లతో లెక్క కడితే అంకెలు అందంగా వస్తాయి గానీ అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. పేరు పేరునా పిల్లల రిజిస్టర్లు కార్యాలయంలో ఉన్నాయి, సభ్యులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.

ఉపాధ్యాయుల సహకారం గురించి చెప్పాలంటే, ఒకే టీచరు ఐదు తరగతులను చూసుకుంటూ, యాప్‌లలో హాజరు, భోజనం వివరాలు ఎక్కించుకుంటూ కూడా మా కార్యకర్తలకు రోజూ చివరి పీరియడ్ వదిలిపెట్టారు. బీరువా విషయంలో మాత్రం కొంత పేచీ వచ్చింది. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టరులో తాము జవాబు చెప్పుకోవాలన్న భయంతో ఒక బడిలో కథల అట్టలను తాళం వేసి ఉంచారు. చిరిగినా, పోయినా బాధ్యత ఫౌండేషన్‌దే అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన తరువాత తాళం తీశారు. చిరిగాయి కూడా. చిరిగినవే పిల్లలు ఎక్కువగా చదివినవి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు సమావేశంలో చదివి వినిపిస్తారు. కార్యకర్తలుగా పనిచేసిన డిగ్రీ విద్యార్థుల గౌరవ వేతనమే ఇందులో పెద్ద పద్దు.

మూడో తరగతి ముగిసేలోగా పిల్లలందరికీ చదవడం, లెక్కలు వచ్చి ఉండాలని 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ పథకం 2026–27ను గడువుగా పెట్టుకుంది. దానిని దృష్టిలో ఉంచుకొని వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలు చేస్తున్నది. కొత్త బడులు చేపట్టకుండా ఈ మూడింటిలోనే కొనసాగాలి. అవ్వ, తాతలు లేని పిల్లల కోసం, సీజనల్ హాస్టల్ తెరిచేదాకా సాయంత్రం భోజనంతో ఊళ్లోనే ఒక ఇల్లు అద్దెకు తీసుకోవాలి. పరీక్షలప్పుడు డిగ్రీ విద్యార్థులు రాలేకపోతున్నారు గనక, పది చదివిన పొదుపు సంఘం మహిళలకు శిక్షణ ఇవ్వాలి. రెండో ప్రతిపాదనకు అయ్యే ఖర్చు ఎక్కువ గనక, దానిపై కార్యవర్గంలోనే ఏకాభిప్రాయం కుదరలేదని కూడా తెలియజేస్తూ, సభ్యుల నిర్ణయానికి వదిలిపెడుతున్నాము.

— కార్యదర్శి