పెద్దవారిలో ఆటిజం అంచనా: రఘుకు ఒక ఉత్తరం

హైదరాబాద్

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. వరంగల్‌లో నీ దగ్గరికి పెళ్లై ఉద్యోగాలు చేసుకుంటున్నవారు కూడా తమకు ఆటిజం ఉందేమో చూడమని వస్తున్నారనీ, క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్.లో మనకు చిన్నపిల్లల గురించి తప్ప వీరి గురించి పెద్దగా నేర్పలేదనీ రాశావు. ఇక్కడా అంతే. గచ్చిబౌలి వైపు నుంచి వచ్చేవారిలో చాలామంది, తమ పిల్లవాడికి నిర్ధారణ జరిగేటప్పుడు మనం అడిగిన ప్రశ్నలు తమ బాల్యానికే సరిపోతున్నాయని గమనించి, ఆ తరువాత తమ కోసం వస్తున్నారు. ఆటిజాన్ని మొదట వివరించిన వైద్యుల్లో ఒకరైన లియో కానర్ 1943లో వర్ణించిన 11 మంది పిల్లల్లో మొదటివాడైన డోనాల్డ్ ట్రిప్లెట్ బ్యాంకులో ఉద్యోగం చేసి, 89 ఏళ్లు జీవించి, 2023లో కన్నుమూశాడు. ఆటిజం ఉన్న పిల్లలు పెద్దవారవుతారన్న సంగతిని మన శిక్షణ ఇంత ఆలస్యంగా పట్టించుకోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

పెద్దవారిలో ఆటిజం అంచనాపై ఈ మధ్య నేను హాజరైన శిక్షణ నాకు నచ్చడానికి కారణం, అందులో పరికరాల కంటే చూసే కంటికి ఎక్కువ పని పెట్టడమే. మనిషితో నేరుగా మాట్లాడుతూ, పనులు చేయిస్తూ ఆటిజం లక్షణాలు గమనించే పరీక్ష ఏడాస్-2లో పసివాళ్లకు సబ్బు బుడగలు, బొమ్మలు ఉంటే, మాటలు బాగా వచ్చిన పెద్దవారికి ఉద్దేశించిన నాలుగో భాగంలో (మాడ్యూల్) స్నేహం, ఒంటరితనం, ఉద్యోగం గురించిన సంభాషణ ఉంటుంది. మేమందరం ఒకే అంచనా వీడియో చూసి విడివిడిగా స్కోరు వేశాము; సున్నా అంటే ఆ లక్షణం కనిపించలేదని, అంకె పెరిగితే స్పష్టంగా కనిపించిందని అర్థం. ఒక చిన్న నవ్వుకు నేను సున్నా వేస్తే పక్కనున్న ఆవిడ రెండు వేసింది, ఆ నవ్వు ఎదుటి మనిషిని ఉద్దేశించినదా కాదా అని చాలాసేపు వాదించుకున్నాము. కళ్లలోకి చూడటం విషయంలోనూ అంతే. పెద్దల ముందు తల దించుకుని మాట్లాడమని నేర్పిన ఇళ్ల నుంచి వచ్చేవారి విషయంలో ఎంతసేపు చూశారన్నది లెక్కపెట్టడం వృథా. ఆ చూపు మాటతో, చేతి సైగతో కలిసి నడుస్తోందా అన్నదే చూడాలి.

అన్నిటికంటే నాకు ఉపయోగపడింది ఏడీఐ-ఆర్, అంటే మనిషి బాల్యం గురించి తల్లిదండ్రులను అడిగే ఇంటర్వ్యూ, అభ్యాసం. శిక్షకురాలు నల్గొండ పల్లెలోని ఒక తల్లిగా నటించారు. కొడుక్కి నలభై ఏళ్లు. చిన్నప్పుడు తోటి పిల్లలతో ఆడుకునేవాడా అని మాలో ఒకరు అడిగితే, "ఎందుకాడుకోడు, రోజూ ఆడుకునేటోడు" అన్నారు. అక్కడితో ఆగితే ఆ అంశానికి సున్నాయే పడేది. ఏం ఆడేవాడో ఒక్కరోజు సంగతి చెప్పమని ఇంకొకరు అడిగినప్పుడు, "గోళీలన్ని రంగుల లెక్కన వరుసగ పేర్సుకుంట కూసునేటోడు, ఎవలన్న ఒక్కటి జరిపితే ఆ పూట అన్నం ముట్టకపోతుండె" అన్న జవాబు వచ్చింది. నాలుగైదేళ్ల వయసును ప్రత్యేకంగా గుర్తుచేయించి, అవును-కాదుతో సరిపెట్టుకోకుండా ఉదాహరణ రాబట్టడమే ఆ ఇంటర్వ్యూ ప్రాణం. తల్లిదండ్రులు లేని అరవై ఏళ్ల మనిషి వస్తే అక్కనో అన్ననో అడగాలి, పాత స్కూలు ప్రోగ్రెస్ కార్డులు చూడాలి.

స్త్రీల విషయంలో మరింత ఓపిక కావాలి. ఫంక్షన్‌కు వెళ్లేముందు ఎవరితో ఏం మాట్లాడాలో అద్దం ముందు సాధన చేసుకునే మనిషి మన గదిలో గంటసేపు చక్కగానే మాట్లాడుతుంది, ఇంటికి వెళ్లాక రెండు రోజులు మంచం దిగలేకపోతుంది. లక్షణాలు బాల్యంలోనే మొదలైనా నేర్చుకున్న పద్ధతుల చాటున దాగి ఉండవచ్చని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం) స్పష్టంగానే చెప్పింది. ఏడీహెచ్‌డీని (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) ఆటిజంతో పాటు నిర్ధారించడానికి వీలు కల్పించింది కూడా అదే. అయితే సామాజిక భయం, ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని పదే పదే వెంటాడే సమస్య), పాత మానసిక గాయాలు కూడా ఇలాగే కనిపించగలవు కాబట్టి, వచ్చినవారందరికీ అవునని చెప్పడం కూడా అన్యాయమే.

వైకల్య సర్టిఫికెట్ కోసం వచ్చేవారికి ఐసా, అంటే ఆటిజం తీవ్రతను కొలిచే మన దేశపు స్కేలు, ఉండనే ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మన మేధో వైకల్యాల జాతీయ సంస్థ రూపొందించిన ఆ స్కేలులో 40 అంశాలున్నాయి, మొత్తం స్కోరు 70కి తగ్గితే ఆటిజం లేదని లెక్క. నా అభిప్రాయంలో, బాగా మాటలు వచ్చి, దాచుకోవడం నేర్చిన మనిషి విషయంలో ఆ అంకె ఒక్కటే చూసి ఇంటికి పంపకూడదు.

నువ్వు ఈ శిక్షణకు తప్పకుండా రావాలి. అంతవరకు, రాతపూర్వక అనుమతి ఉన్న అంచనా వీడియో ఏదైనా నీ దగ్గర ఉంటే చెప్పు. వచ్చే నెల నేను వరంగల్ వచ్చినప్పుడు ఇద్దరం విడివిడిగా స్కోరు వేసి, ఎక్కడ తేడా వచ్చిందో కూర్చుని మాట్లాడుకుందాం. అమ్మగారికి నా నమస్కారాలు.

నీ
శ్రీధర్